హెల్మెట్ బిగుతుగా ఉండాలా, వదులుగానా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండు నెలల కిందట ఒంగోలులో ఫుల్ హెల్మెట్ కొన్నాను. షాపులో పెట్టుకుంటే హాయిగా అనిపించింది. ఇప్పుడు హైవే మీద గాలికి ఊగుతోంది, తల తిప్పితే అది తిరగడం లేదు. సైజు ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: షాపులో హాయిగా అనిపించిందంటే అప్పటికే అది మీకు ఒక సైజు పెద్దది. కొత్త హెల్మెట్ చెంపల్ని గట్టిగా పట్టుకోవాలి. మాట్లాడుతుంటే బుగ్గ లోపలి భాగం పళ్ల కింద పడేంత బిగుతు ఉన్నా తప్పులేదు. చెంప మెత్తల్లోని స్పాంజి కొన్ని వారాల్లో అణిగి సర్దుకుంటుంది. దాని వెనకున్న గట్టి థర్మోకోల్ పొర మాత్రం సర్దుకోదు. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి, ఆ తాకిడి తలకు చేరకుండా ఆపేది ఆ పొరే. తల దానికి ఆనుకుని ఉంటేనే అది పని చేస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే తల ముందు దానికి కొట్టుకుంటుంది, లేదా హెల్మెటే ఊడి రోడ్డున పడుతుంది.

కొలత ఇంట్లోనే తీసుకోండి. దర్జీ టేపును కనుబొమ్మలకు అంగుళం పైన పెట్టి, చెవుల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టండి. రెండు మూడు సార్లు కొలిచి, వాటిలో పెద్ద అంకె తీసుకోండి. హెల్మెట్ లోపల సైజు మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. మీ తల 58 సెంటీమీటర్లు వస్తే 580 అడగండి. మీడియం, లార్జ్ అన్న మాటలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి అంకెనే చూడండి. రెండు సైజుల మధ్య పడితే ముందు చిన్నది పెట్టి చూడండి.

అంకె కలిసినా తల ఆకారం కలవకపోవచ్చు. నుదుటి మీద, తల వెనక నొక్కుతూ పక్కల ఖాళీ ఉంటే మీ తల పొడవు, హెల్మెట్ గుండ్రం. కణతల దగ్గర నొప్పి వస్తుంటే మీ తల గుండ్రం, హెల్మెట్ పొడవు. ఆ మోడల్‌ను పక్కన పెట్టి వేరే కంపెనీది అడగండి. థర్మోకోల్ గీకి సర్దుతామంటే ఒప్పుకోవద్దు.

షాపులో పరీక్ష ఇలా చేయండి. బెల్టు రెండు కొసలు పట్టుకుని పక్కలకు లాగుతూ తల దూర్చండి. లాక్ వేయండి. బెల్టుకూ గడ్డం కిందికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, మూడోది పట్టకూడదు. అడ్డంగా తల ఊపితే బుగ్గల చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. తర్వాత మెడ దగ్గరి అంచు పట్టుకుని పైకీ ముందుకీ గట్టిగా తోయమని పక్కనున్న వాళ్లకు చెప్పండి. ఊడి వచ్చిందా, అది మీది కాదు. ఊడకపోతే పది పదిహేను నిమిషాలు తల మీదే ఉంచుకోండి. షాపాయన విసుక్కున్నా సరే. తీశాక నుదుటి మీద ఒకే చోట ఎర్రగా కంది నొప్పి పెడుతుంటే గంట ప్రయాణంలో తలనొప్పి ఖాయం.

మీ దగ్గరున్న దానికి దారి ఒకటే. అదే మోడల్‌కు మందం చెంప మెత్తలు విడిగా దొరికితే మార్చి, ఊడే పరీక్ష మళ్లీ చేయండి. అయినా ఊడితే వేరేది కొనండి.

ప్రశ్న: స్కూటీ మీద బడికి వెళ్తాను. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ ముందుకు జారి కళ్లకు అడ్డం వస్తోంది. ఎండాకాలం చెమటకు తువ్వాలు చుట్టుకుని పైన పెట్టుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: కొప్పు హెల్మెట్‌ను వెనక నుంచి ఎత్తుతుంది. అందుకే ముందుకు వాలుతోంది. జడను మెడ దగ్గర, హెల్మెట్ అంచుకు కింద పడేలా వదులుగా అల్లుకోండి. కొప్పు బడికి చేరాక చుట్టుకోవచ్చు. గట్టి క్లిప్పులు, ఇనుప పిన్నులు లోపల ఉంచుకోకండి, పడినప్పుడు అవే తలలో గుచ్చుకుంటాయి. పూలు కూడా అంచుకు కిందే.

తువ్వాలు వద్దు. మడతలు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉండి హెల్మెట్ జారుతుంది. తువ్వాలు పట్టాలని ఒక సైజు పెద్దది కొనడం ఇంకా ప్రమాదం. ఒంటి పొర పలచని కాటన్ టోపీ చాలు. కొనేటప్పుడు దాన్ని పెట్టుకునే కొలత చూసుకోండి. లోపలి మెత్తలు ఊడదీసి ఉతుక్కునే రకం, ముందూ వెనకా గాలి కంతలున్నది, లేత రంగుది మన మే నెల ఎండలకు మేలు. మెత్తల్ని మామూలు సబ్బు నీళ్లతో ఉతికి నీడలో ఆరేయండి.

ప్రశ్న: క్వారీలో ఇచ్చిన పసుపు టోపీ పెట్టుకునే బండి మీద ఇంటికి వస్తాను. అదీ గట్టిదే కదా, సరిపోదా? ఇంట్లో ఉన్న హెల్మెట్ గ్లాసు దుమ్ముకు గీతలు పడి రాత్రి ఏమీ కనపడడం లేదు.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: సరిపోదు. దయచేసి ఈ రోజు నుంచే మానండి. క్వారీ టోపీకి ప్రమాణం ఐఎస్ 2925, బండి హెల్మెట్‌కు ఐఎస్ 4151. పైనుంచి రాయి పడితే తట్టుకోవడానికి మొదటిది చేశారు. దాని లోపల పట్టీల అల్లిక తప్ప పక్కలా వెనకా థర్మోకోల్ ఉండదు. బండి మీద నుంచి పడ్డవాళ్లకు దెబ్బ నుదురు, కణతలు, తల వెనక, గడ్డం మీద తగులుతుంది. పైగా రోడ్డుకు తగిలేలోపే ఆ టోపీ ఎగిరిపోతుంది.

గ్లాసు మీది గ్రానైట్ దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే గీతలే. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వండి, తర్వాత తడి కాటన్ గుడ్డతో మెల్లగా తుడవండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ గ్లాసుకూ డొప్పకూ తగలకూడదు, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. గీతలు పడ్డ గ్లాసు మీద ఎదురు లారీ లైటు చెదిరి కళ్లు బైర్లు కమ్ముతాయి. అదే మోడల్ గ్లాసు విడిగా దొరుకుతుంది, తెల్లదే తీసుకోండి. నల్ల గ్లాసు పొద్దుగూకాక పనికిరాదు.

ప్రశ్న: రోడ్డు పక్క అమ్మే హెల్మెట్ల మీదా ఐఎస్ఐ గుర్తు ఉంటోంది. అసలుదని తెలిసేదెట్లా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: గుర్తు ఒక్కటే చూస్తే చాలదు. దాని పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అన్న అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ఫోనులో భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. వచ్చిన కంపెనీ పేరు డబ్బా మీద పేరుతో కలవాలి, లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని బండి హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్ట విరుద్ధం.

ఫోను లేకపోయినా వేలు చాలు. లోపలి మెత్త అంచు తొలగించి నొక్కి చూడండి. గట్టి థర్మోకోల్ నుదురు నుంచి మెడ దాకా తెగకుండా తగలాలి. స్పాంజి వెంటనే డొప్ప తగిలితే అది పోలీసులకు చూపించుకోవడానికే. బెల్టు రివిట్లు గట్టిగా లాగి చూడండి, తయారైన నెల, సంవత్సరం కూడా చదవండి.

ప్రశ్న: మా అబ్బాయికి అయిదేళ్లు. వెనక కూర్చుంటాడు. వాడికీ కావాలా? నా హెల్మెట్ చెయ్యి జారి కింద పడింది, మార్చాలా?
– ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: కావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తప్పనిసరి, లాక్ కూడా వేసి ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకైతే 2023 ఫిబ్రవరి 15 నుంచి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టే రక్షణ పట్టీ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. పెద్దవాళ్ల హెల్మెట్ పిల్లల మెడకు బరువు, తలకు వదులు. టేపుతో కొలిచి పిల్లల సైజే కొనండి. ఏడాదికోసారి మళ్లీ కొలవండి.

ఖాళీ హెల్మెట్ సీటు ఎత్తు నుంచి జారితే సాధారణంగా పాడవదు. డొప్ప మీద చీలిక గానీ, లోపలి థర్మోకోల్‌లో నొక్కు గానీ ఉందేమో చూడండి. ఉంటే మార్చండి. తల లోపల ఉండగా పడితే మాత్రం పైకి గీత లేకపోయినా మార్చాల్సిందే, నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు. ఏ దెబ్బా తగలకున్నా అయిదేళ్లకు మార్చండి. అద్దానికి తగిలించే అలవాటుంటే మానండి, అద్దం మొన లోపలి పొరను నొక్కేస్తుంది.