కొత్త బైక్‌కి ఇంట్లోనే ఏమేం చేసుకోవచ్చు?
అనంతపురంలో కొత్త బైక్ కొన్నాను, ఇంట్లో ఏమేం చేసుకోవచ్చని అడిగారు. ముందు చైన్ చూసుకోండి. మన దగ్గర దుమ్ము ఎక్కువ కదా, అది నూనెకు పట్టుకుని గరుకు కాగితంలా స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లను అరగదీస్తుంది. ఐదారు వందల కిలోమీటర్లకోసారి ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, చక్రం చేత్తో తిప్పుతూ కిరోసిన్ తడిపిన మెత్తటి బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, చైన్ లూబ్ వేయండి. ఇంజన్ నడుస్తుంటే వేలు అస్సలు పెట్టొద్దు. చాలా బైకుల్లో కింది చైన్ వేలితో ఎత్తితే 20–30 మి.మీ. ఆడాలి; మీ బైక్ లెక్క మాన్యువల్‌లో ఉంటుంది.

గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి. సీటు కవర్, ట్యాంక్ ప్యాడ్ (ట్యాంక్ మీద అంటించే ప్యాడ్) లాంటివి మీ ఇష్టం. అదనపు లైట్ల కోసం వైర్లు మాత్రం కోయించకండి, వారంటీ పోవచ్చు. మోత పెట్టే సైలెన్సర్‌కైతే చలానా పడుతుంది.