పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం, పరిహారం: ఈ మూడు మాటలకీ తేడా ఏంటి?

పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే వేడి. తప్పు చేశాక లోపల రగిలేదే పశ్చాత్తాపం. అది మనసులోనే ఉండిపోవచ్చు.

ప్రాయశ్చిత్తానికి అది చాలదు, ఏదో ఒకటి చెయ్యాలి. ప్రాయం అంటే తపస్సు, చిత్తం అంటే నిశ్చయం అని పాత వ్యాఖ్యానాలు విడదీస్తాయి. ఉపవాసం, వ్రతం, దానం ఈ కోవలోవే.

పరిహారం ఎదుటివాళ్ళ నష్టాన్ని చూస్తుంది. మాది కోవూరు దగ్గర పల్లె. ఒకసారి మా గేదెలు పలుపు తెంపుకుని పక్కవాళ్ళ నారుమడి తొక్కేశాయి. తెల్లారకముందే మా తాత వాళ్ళింటికి పోయి, "తప్పు మాదేన్నా, మా మడిలో నారు పీక్కోండి" అన్నాడు. ఆ ఏడు మాకే నారు చాలలేదు. నారు ఇవ్వడం పరిహారం. రాత్రంతా ఆయన కంటి మీద కునుకు లేకపోవడం పశ్చాత్తాపం.

జ్యోతిష్యంలో దోష పరిహారం అన్నప్పుడు మాత్రం 'తొలగించడం' అనే అసలు అర్థమే వినిపిస్తుంది.

నాకు బాగా నచ్చే మాట 'తప్పు కట్టడం'. పెద్దమనుషులు వేసిన జరిమానా చెల్లించడమని అర్థం. చేసిన నేరమూ తప్పే, దానికి కట్టే డబ్బూ తప్పే! ఇక చెంపలు వేసుకోవడమంటారా, అది దేవుడి ముందు చేతులతో చెప్పే క్షమాపణ.