ఊరి చెరువు మీద థీసిస్ రాస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రెండెకరాలు వరి వేస్తాం, ఇంకో మూడెకరాలు రొయ్యల చెరువుకు లీజుకిచ్చాం. మా అబ్బాయి ఎమ్మే ఎకనామిక్స్ రెండో ఏడు. ఆఖరి సెమిస్టర్లో థీసిస్ రాయాలి. మా ఊరి రొయ్యల చెరువుల మీద రాస్తానని, ‘ఆక్వా సాగు – గోదావరి డెల్టా ఆర్థికాభివృద్ధి’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. రోజూ కళ్ళెదుట ఉండేదాని మీద పరిశోధన ఏమిటి, దానికి ఉద్యోగం ఎవరిస్తారు అని నా అనుమానం. ఇంజనీరింగ్ చేసిన మా మేనల్లుడు ఏఐ కలిసొచ్చే టాపిక్ పెట్టుకోమంటున్నాడు. డబ్బిస్తే రాసిపెట్టేవాళ్ళున్నారని కూడా చెబుతున్నాడు. మావాడు పీహెచ్‌డీ చేస్తానంటున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి

జవాబు: అయ్యా, మీ అబ్బాయిని చెరువుల మీదే రాయనివ్వండి. ఆ పేరు మాత్రం మార్చాలి. దాని సంగతి కాసేపట్లో చెబుతాను, ముందు మీ అనుమానం చూద్దాం.

మీరు స్వర్ణ వేసే ఉంటారు. ఆ వరి రకం మీకు దగ్గర్లోని మార్టేరు పరిశోధన స్థానంలోనే పుట్టి 1982లో విడుదలైంది. ఒడిశాలోని ఒక పాత వరి రకానికి ముంపును తట్టుకునే గుణం ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ జన్యువును మన స్వర్ణలోకి తీసుకొచ్చి స్వర్ణ సబ్-1 తయారుచేశారు. 2009లో అది మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా మళ్ళీ తేరుకుంటుంది. మన చేలో రోజూ చూసిన వరే అది.

నర్సాపురం లేసు కూడా అంతే. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు అల్లే ఆడవాళ్ళ మీద అధ్యయనం చేశారు. వాళ్ళు అల్లిన సరుకు విదేశాలకు వెళ్తోంది, వాళ్ళను మాత్రం ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారు. కూలి అంత తక్కువగా ఉండిపోవడానికి ఈ లెక్కే కారణమని ఆమె చూపించారు. 1982లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనను స్త్రీల శ్రమ గురించి చదివేవాళ్ళు ఇప్పటికీ చదువుతున్నారు. ఆ లేసు మన ఇళ్ళ అరుగుల మీద తరాలుగా అల్లుతున్నదే. ఆవిడ వచ్చి ప్రశ్న అడిగారు, మనం అడగలేదు. మీ ఊరి కుర్రాడు తన ఊరిని తానే అడుగుతానంటుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇక పేరు సంగతి. ‘గోదావరి డెల్టా ఆర్థికాభివృద్ధి’ అన్నది ఒక్క సెమిస్టర్లో తేలే పని కాదు. అంత పెద్ద పేరు పెట్టుకున్నవాళ్ళు చివరికి ప్రభుత్వ నివేదికల్లోని పట్టికలు ఎత్తిరాసి, ‘ఆక్వా వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అని ముగిస్తారు. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, బయటి ఎగ్జామినర్ మొదట పట్టుకునేది అదే. సైకిలు మీద వెళ్ళి చూసిరాగలిగినంత ప్రశ్న కావాలి. ఒకే మురుగు కాలువ కింద ఉన్న రెండు మూడు ఊళ్ళు తీసుకుని, జబ్బు తగిలి పంట పోయిన ఏడాది ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతోంది, చెరువు యజమాని మీదా, లీజుదారు మీదా, మేత అప్పుగా ఇచ్చిన డీలరు మీదా అని అడిగితే అది ఎకనామిక్స్ ప్రశ్న అవుతుంది.

దానికి జవాబు రాబట్టే తీరు కూడా నేర్చుకోవాలి. గట్టు మీద నిలబడి ‘లాభమెంతండీ?’ అని అడిగితే ‘ఏం లాభం బాబూ’ అంటారు. నోట్‌బుక్‌లో రాసుకోవడానికి ఏమీ ఉండదు. అలా కాకుండా సీడు (రొయ్య పిల్లలు) ఎన్ని లక్షలు వేశారు, ఏ నెలలో వేశారు, మేత ఎన్ని బస్తాలు పట్టింది, అందులో అప్పు ఎంత, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు ఎంత, పట్టుబడి ఎన్ని టన్నులు, ఏ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), ఆ రోజు ఆ కౌంటుకు రేటెంత, సరుకు ఎవరికి అమ్మారు అని ఒక్కొక్కటిగా అడగాలి. లాభనష్టాలు ఇంటికొచ్చి తానే లెక్క వేసుకోవాలి. రొయ్య ఇంకా చిన్నగా ఉండగానే, వంద కౌంటుకే పట్టేసినవాణ్ణి ఎందుకు అంత తొందరపడ్డాడో అడిగితే, జబ్బు భయమో డీలరు ఒత్తిడో బయటపడుతుంది. అసలు విషయం అక్కడే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మీ మూడెకరాలు లీజుకు తీసుకున్నాయన్ను ఈ సర్వేలో చేర్చవద్దు. భూమి యజమాని కొడుకు అడుగుతుంటే ఆయన మనసులో మాట చెప్పలేడు. మీ కుటుంబానికి చెరువు లీజు ఆదాయం ఉందన్న సంగతి థీసిస్ మొదట్లోనే రాయాలి. అప్పుల వివరాలు చెప్పిన రైతుల పేర్లు ఎక్కడా కనపడకూడదు.

మీ మేనల్లుడి మాటకు వస్తాను. ఏఐ పనిముట్టు, దాన్ని చూసి ప్రశ్న వెతుక్కోకూడదు. ఇదే చెరువు దగ్గరికి ఒక్కో శాఖ విద్యార్థి ఒక్కో పనిమీద వస్తాడు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి, ఉచితంగా దొరుకుతాయి. జాగ్రఫీ విద్యార్థి వాటిలో ఏ చేను ఏ ఏడు చెరువైందో గుర్తించడానికి ఏఐ వాడితే అర్థముంది. జువాలజీ విద్యార్థికి రొయ్యల నమూనాలు, ల్యాబు కావాలి. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ టైగర్ రొయ్యను ఎలా దెబ్బకొట్టిందో, 2009 తర్వాత వనామీ అనే రొయ్య రకం ఎలా వచ్చిందో తెలిసి ఉండాలి. కెమిస్ట్రీ వాళ్ళు పక్క చేలో మట్టి తీసి ఉప్పు కొలుస్తారు. చెరువుకు దూరంగా ఉన్న చేలో మట్టి కూడా తీయకపోతే ఆ కొలతకు విలువ లేదు. లా విద్యార్థికి రొయ్యల చెరువుల మీద 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, ఆక్వా సాగు మీద 2020 రాష్ట్ర చట్టం ఉన్నాయి. రైతు చెప్పిన మాట కన్నా చట్టంలో ఏం రాశారన్నది అక్కడ ముఖ్యం. ఎమ్మే తెలుగు విద్యార్థి గట్ల మీద కాపలా ఉండేవాళ్ళ మాటలు రికార్డు చేసుకోవచ్చు, పాతికేళ్ళలో వాళ్ళ భాషలోకి ఎన్ని కొత్త మాటలొచ్చాయో చూడవచ్చు. వ్యవసాయం పీజీ చేసేవాళ్ళకు సార్వా తప్పితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. ఒక శాఖలో సాక్ష్యం అనిపించుకున్నది ఇంకో శాఖలో చెల్లదు. అందుకే ఇంజనీరింగ్ చేసిన మీ మేనల్లుడు చెప్పిన టాపిక్ ఎకనామిక్స్ గైడు దగ్గర నిలబడదు.

డబ్బిచ్చి రాయించుకోవడం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆ ఆలోచన మానుకోండి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే మళ్ళీ రాసివ్వాలి, 40 దాటితే ఏడాదిపాటు సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. రాసిపెట్టేవాళ్ళు ఒకే సరుకును పదిమందికి అమ్ముతారు. పట్టుబడకపోయినా మీవాడికి ఒరిగేదేమీ లేదు. ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది థీసిస్ పేరును కాదు. ‘ఈ రైతులనే ఎందుకు ఎంచుకున్నావు, సగటు ఎందుకు వాడావు, మధ్యస్థం ఎందుకు వాడలేదు’ అంటే మీవాడు జవాబు చెప్పగలడా అని చూస్తాడు. బ్యాంకు, నాబార్డు ఇంటర్వ్యూల్లో గ్రామీణ రుణాల గురించి అడిగినప్పుడు, తన చేత్తో మేత అప్పుల లెక్క తీసినవాడు మాట్లాడే తీరే వేరు. ఇండియన్ ఎకనమిక్ సర్వీసుకు కూడా ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. ఆ దారి కూడా మీవాడికి ఉందని గుర్తుంచుకోండి.

పీహెచ్‌డీ సంగతి తొందరపడి తేల్చకండి. కనీసం మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళ లోపు పూర్తిచేయాలి. నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధకులకిచ్చే ఫెలోషిప్‌కు అర్హత వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది కాబట్టి మీ మీద భారం ఉండదు. జేఆర్ఎఫ్ రాకుండా, ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) ద్వారా సీటు మాత్రం వస్తే, ఆ ఏళ్ళ ఖర్చు ఎవరు భరిస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఈ ఎమ్మే థీసిస్ చేస్తున్నప్పుడే తెలిసిపోతుంది. మూడోసారి కూడా రైతు ‘రేపు రా’ అంటే విసుక్కోకుండా వెళ్ళగలిగితే వాడికి పరిశోధన పడుతుంది. అక్కడే నీరసపడితే నెట్ కోచింగు డబ్బులు బ్యాంకు పరీక్షలకు పెట్టండి, అందులో చిన్నతనం లేదు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. శోధ్‌గంగ వెబ్‌సైట్లో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు లక్షల్లో ఉచితంగా ఉన్నాయి. ఆంధ్రా, నన్నయ విశ్వవిద్యాలయాల పేర్లతో వెతికి, రొయ్యల సాగు మీద ఎకనామిక్స్‌లో వచ్చినవి రెండు మూడు చదవమనండి. మొత్తం అక్కర్లేదు. ప్రశ్న ఎలా వేశారు, ఎంతమందిని ఏ పద్ధతిలో ఎంచుకున్నారు అన్న అధ్యాయాలు చాలు. ఆ తర్వాత ఒక్క పేజీ రాసుకుని గైడు దగ్గరికి వెళ్ళాలి. అందులో ప్రశ్న, ఊళ్ళ పేర్లు, అడగబోయే వివరాలు ఉంటే చాలు. గైడు సరేనన్నాక ముందు ఐదుగురు రైతుల దగ్గర ఆ ప్రశ్నలు పరీక్షించి, అర్థంకానివి మార్చుకోవాలి. మీ ఊళ్ళో వచ్చే పట్టుబడులు ఎప్పుడో మీకు తెలుసు కదా, ఆ తేదీలు వాడికి ఇప్పుడే చెప్పండి. ఆ సమయానికి ప్రశ్నాపత్రం చేతిలో లేకపోతే మళ్ళీ తర్వాతి పంట దాకా ఆగాలి, సెమిస్టరు అంతవరకూ ఆగదు.