చలికి ఏసీ ఏంది బావా?

“బావా, మావోడు ఇల్లు కొన్నడు గదా. ఇల్లు వేడి చెయ్యడానికి దాన్ల ఆయిల్ బాయిలర్ ఉన్నదట. అది తీసేసి ఏసీ పెట్టుకోమని ఎవడో చెప్తున్నడట. చలికి ఏసీ ఏంది బావా?”

మే నెల, కల్వకుర్తిలో మా ఇల్లు. దేవరకొండ నుంచి వచ్చిన బావమరిది చెమట తుడుచుకుంటూ అడిగిన మాట ఇది. ఏటా సెలవుకు వచ్చినప్పుడు బయట దేశాల్లో ఉన్న పిల్లల సందేహాలు వాళ్ల తల్లిదండ్రుల నోటి వెంట నా దగ్గరికి వస్తుంటాయి. పదేళ్ల కింద అన్నీ వీసా ప్రశ్నలే. ఇప్పుడు ఇళ్లు కొనుక్కున్నారు కాబట్టి కప్పు కారుతోందనీ, హీటింగ్ బిల్లు పేలుతోందనీ అడుగుతున్నారు. నేను అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ పక్కన ఉంటాను. అల్లుడు, అంటే ఈ బావమరిది కొడుకు, కొన్న ఇల్లు మాకు అరగంట దూరం. నేనూ నాలుగేళ్ల కింద ఇదే పని చేయించాను, ఒక పెద్ద తప్పుతో సహా. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

బావమరిదిని గోడ బయటికి తీసుకెళ్లి మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ముందు చెయ్యి పెట్టమన్నాను. వేడి గాలి కొట్టింది. లోపలి వేడిని తీసుకొచ్చి బయట పారబోస్తోంది. ఇదే యంత్రంలో గ్యాస్ తిరిగే దారిని ఒక వాల్వ్‌తో తిప్పేస్తే, బయటి గాలిలోని వేడిని లాగి లోపల పోస్తుంది. హీట్ పంప్ అంటే అంతే. మన దగ్గర కూడా హాట్ అండ్ కోల్డ్ ఏసీ అని అమ్ముతారు, ఢిల్లీ వాళ్లు కొంటారు. మనకు ఆ అవసరం ఎందుకు పడుతుంది!

“మంచు పడే చోట గాలిలో వేడెక్కడిది?” అని తర్వాతి ప్రశ్న. ఉంటుంది. మైనస్ 15లో కూడా గాలిలో వేడి ఉంటుంది, తక్కువ మట్టంలో ఉంటుంది. కల్వకుర్తి ఎత్తిపోతల చూసినవాడికి ఇది చెప్పడం తేలిక. ఎల్లూరు దగ్గర మోటార్లు కృష్ణ నీళ్లను తయారు చెయ్యవు, ఎత్తి పోస్తాయి. అక్కడి నుంచి జొన్నలబొగుడ, అక్కడి నుంచి గుడిపల్లి గట్టు. ఎత్తు పెరిగేకొద్దీ కరెంటు ఎక్కువ తింటుంది. హీట్ పంప్ కూడా వేడిని పుట్టించదు, బయటి నుంచి ఇంట్లోకి ఎత్తి పోస్తుంది. బయట 8 డిగ్రీలుంటే ఎత్తు తక్కువ, ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల పైనే వేడి వస్తుంది. మైనస్ 15 అయితే ఎత్తు ఎక్కువ, రెండు రావడమే గగనం. మంచి ఇన్వర్టర్ మెషీన్లయితే మైనస్ 25 దాకా కూడా నడుస్తాయి. కొనేటప్పుడు “కోల్డ్ క్లైమేట్” రకమేనా అని చూడండి. మైనస్ 15లో గంటకు ఎన్ని బీటీయూలు (అక్కడ వేడిని కొలిచే లెక్క) ఇస్తుందో కాగితం మీద అడగండి. డబ్బా మీద రాసే పెద్ద అంకె 8 డిగ్రీల దగ్గరిది, దాన్ని చూసి మోసపోవద్దు.

డబ్బు లెక్కకు వస్తాను, అందరూ అడిగేది అదే. మాసాచుసెట్స్ వైపు చలికాలం మొత్తం మీద సగటున ఒక యూనిట్‌కు రెండున్నర నుంచి మూడు యూనిట్ల వేడి అనుకోవచ్చు. నేను వాడే మోటు సూత్రం ఇది: మీ ఇంట్లో ఆయిల్ ఉంటే గాలన్ ధరను 13తో భాగించండి. పైపు గ్యాస్ ఉంటే థర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే కొలత) ధరను 10తో భాగించండి. వచ్చిన అంకె కన్నా మీ కరెంటు యూనిట్ ధర తక్కువైతే హీట్ పంప్ చౌక. కరెంటు ధర అంటే సరఫరా, డెలివరీ అన్నీ కలిపి. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే తెలుస్తుంది. ఆయిల్ 3 డాలర్ల 90 సెంట్లయితే 30 సెంట్లు వస్తుంది. మాసాచుసెట్స్‌లో కరెంటు కూడా దాదాపు అంతే, అంటే సమానం. 2025 నవంబర్ నుంచి అక్కడి పెద్ద కరెంటు కంపెనీలు హీట్ పంప్ ఉన్న ఇళ్లకు చలికాలంలో తక్కువ రేటు ఇస్తున్నాయి. దానికి మన పేరు నమోదై ఉందో లేదో ఫోన్ చేసి చూసుకోవాలి. అప్పుడు ఆయిల్ కన్నా కొంచెం మిగులుతుంది. ష్రూస్‌బరీ లాగా ఊరికి సొంత కరెంటు సంస్థ ఉంటే రేటే తక్కువ, లెక్క ఇంకా బాగుంటుంది.

పైపు గ్యాస్ ఉన్నవాళ్లకు మాత్రం మా రాష్ట్రంలో బిల్లు తగ్గుతుందని నేను చెప్పను. ఎవరైనా చెబితే పై భాగహారం వాళ్ల చేతనే చేయించండి. గోడ కింద ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లు ఉన్న ఇల్లయితే లెక్కే అక్కర్లేదు, వేడికి అయ్యే కరెంటు సగానికి పైగా తగ్గుతుంది. టెక్సస్, నార్త్ కరొలైనా వాళ్లకు చలి తక్కువ. పాత ఏసీ చెడినప్పుడు దాని బదులు హీట్ పంప్ పెట్టించుకుంటే సరిపోతుంది. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఉన్నది హీట్ పంపే, మనవాళ్లకు తెలియదు.

ఇక నా తప్పు. మనకు ఏసీ అంటే టన్నులే. మా కాంట్రాక్టర్ ఇంట్లోకి వచ్చి, గదులు లెక్కపెట్టి, గదికొకటి చొప్పున ఐదు ఇండోర్ యూనిట్లు, బయట 4 టన్నులది అన్నాడు. పెద్దదైతే మంచిదే కదా, ఒక్కసారే పెడతాం అనుకున్నాను. బోరులో ఊట 3 హార్స్‌పవర్ మోటారుకు చాలినంతే ఉన్నప్పుడు 7.5 దించితే ఏమవుతుందో మా నాన్న చేలో చూసినవాణ్ని, అయినా బుద్ధి రాలేదు. అది కాసేపు నడవడం, ఆగడం, మళ్లీ మొదలవడం. ఎండాకాలం గది చల్లబడేది కానీ తేమ పోయేది కాదు, దుప్పటి జిగటగా ఉండేది. రెండో ఏడు ఇంకొకతన్ని పిలిచి పద్ధతిగా లెక్క వేయిస్తే, అక్కడ దాన్ని మాన్యువల్ జె అంటారు, నా ఇంటికి అతి చలి రాత్రి గంటకు కావాల్సింది 32 వేల బీటీయూలు. టన్ను అంటే 12 వేలు, మూడు టన్నుల లోపే. పైగా గది తలుపులు తీసి ఉంచితే మూడు ఇండోర్ యూనిట్లే చాలేవి. మిగిలిన రెండూ ఇప్పుడు గోడకు అలంకారం.

అందుకే అల్లుడికి వీడియో కాల్‌లో మొట్టమొదట చెప్పింది కంపెనీ పేరు కాదు. “ముందు ఇంటి చిల్లులు మూయించు” అన్నాను. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ మోటారును తిట్టి లాభం లేదు. మా రాష్ట్రంలో మాస్ సేవ్ అనే పథకం కింద మనిషి ఇంటికొచ్చి ఉచితంగా పరీక్ష చేస్తాడు. అటకలో ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే పొర, వేయడానికి అయ్యే ఖర్చులో 75 శాతమో, ఇంకా ఎక్కువో వాళ్లే భరిస్తారు. ఇల్లంతటికీ హీట్ పంప్ పెట్టి రిబేటు కావాలన్నా ముందు ఇన్సులేషన్ సరిగ్గా ఉందని చూపించాలి, వాళ్ల జాబితాలో ఉన్న కాంట్రాక్టరే చెయ్యాలి. మున్సిపల్ కరెంటు ఊళ్లకు పద్ధతి వేరు, ఊరి సంస్థనే అడగాలి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 30 శాతం, 2 వేల డాలర్ల దాకా ఉన్న పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఇంకా ఉందని చెప్పి ధర తగ్గినట్టు చూపించే సేల్స్‌మన్‌ను అక్కడే ఆపేయండి. మెషీన్ లోపల తిరిగే గ్యాస్ ఏ రకమో కూడా అడగండి. 2025 నుంచి కొత్త మెషీన్లు ఆర్-32, ఆర్-454బి మీద వస్తున్నాయి. పాత ఆర్-410ఎ స్టాకు చౌకగా అంటగడితే, పదేళ్ల తర్వాత లీకయినప్పుడు గ్యాస్ ధర మీరే మోయాలి.

“ఆయిల్ బాయిలర్ పీకేస్తున్నరు మామా, జాగా కలిసొస్తదని” అన్నాడు అల్లుడు. ఒక చలికాలం ఆగు అన్నాను. మైనస్ 18కి పోయే రాత్రులు ఏడాదికి కొన్నే. ఆ కొన్నింటికి పాతది పక్కన ఉంటే గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోవచ్చు. కరెంటు పోతే అదీ నడవదు, అది వేరే సంగతి.

వాడకం గురించి ఎవరూ చెప్పరు, బిల్లు అక్కడే పెరుగుతుంది. నేను 2005లో షార్లట్‌లో అపార్ట్‌మెంట్‌లో దిగినప్పుడు థర్మోస్టాట్ మీద “ఈఎం హీట్” అని ఒక మీట ఉండేది. ఎమర్జెన్సీ హీట్ అంటే చలి ఎక్కువగా ఉన్నప్పుడు వాడేదనుకుని జనవరి అంతా దాని మీదే ఉంచాను. కల్వకుర్తి నుంచి వచ్చినవాడికి జనవరి అంతా ఎమర్జెన్సీయే మరి. అది పంపును పూర్తిగా ఆపేసి, హీటర్ కాయిల్‌తో ఇల్లు కాచే మీట. ఒక యూనిట్‌కు ఒకే యూనిట్ వేడి. ఆ నెల బిల్లు చూసి ఇద్దరు రూమ్మేట్లు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పంపు చెడితే తప్ప దాన్ని ముట్టొద్దు. అలాగే రాత్రి బాగా తగ్గించి పొద్దున ఒక్కసారి ఐదారు డిగ్రీలు పెంచడం కూడా వద్దు. డక్టుల (గదులకు గాలి పంపే గొట్టాల) సిస్టమ్ అయితే ఆ హీటర్ కాయిల్ తనంతట తానే అందుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర పెట్టి మరిచిపోవడమే మేలు.

పోయిన ఏడు అమ్మ వచ్చినప్పుడు ఇండోర్ యూనిట్ కింద చెయ్యి పెట్టి “ఇది వేడా? గోరువెచ్చగ కూడ లేదు” అంది. పాత ఫర్నేస్ 55 డిగ్రీల గాలి కొట్టి ఆగిపోతుంది, ఇది 40 డిగ్రీల గాలిని రోజంతా మెల్లగా వదులుతుంది. కుంపటిలా కాలదు, ఇల్లంతా ఒకే తీరుగా ఉంటుంది. అమ్మ నమ్మలేదు. వారం తర్వాత శాలువా మాత్రం తీసేసింది.

బయటి యూనిట్ మంచులో మునగకుండా నేల నుంచి కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తు స్టాండ్ మీద పెట్టించండి, కప్పు మీది మంచు జారి పడే చోట వద్దు. చలిలో అప్పుడప్పుడు దాని నుంచి తెల్లగా పొగలాంటిది లేస్తుంది. కాయిల్ మీది మంచును అది తానే కరిగించుకుంటోంది, పది నిమిషాల్లో మళ్లీ మామూలవుతుంది. మా పక్కింటి తెలుగు అమ్మాయి అది చూసి ఫైర్ ఇంజిన్‌ను పిలవబోయింది. ఇండోర్ యూనిట్ పొయ్యికి దగ్గర వద్దే వద్దు. మన తాలింపుల జిడ్డు ఫిల్టర్‌కు పట్టిందంటే మిరపకాయ ఘాటు నెలంతా బెడ్రూముల్లో తిరుగుతుంది. ఎక్కడ పెట్టినా ఫిల్టర్ నెలకోసారి కడగండి.

అల్లుడు మూడు కొటేషన్లు పంపాడు. మా బావమరిది ఫోన్ పట్టుకుని “తక్కువది రెండోది గదా బావా” అన్నాడు. మూడింట్లో ఒక్కదానికే లోడ్ లెక్క, అదే మాన్యువల్ జె, కాగితం జతచేసి ఉంది, ధరలో అది మధ్యది. ముందు దాని వాడితో మాట్లాడమన్నాను. ఇన్సులేషన్ పని అయ్యాక లెక్క ఇంకోసారి వేయించమనీ, అక్టోబర్‌లో ఆయిల్ ట్యాంకు సగం మాత్రమే నింపుకోమనీ చెప్పాను.