నాలుగు చీటీలు, ఒక కాగితం

చిక్కడపల్లి,
హైదరాబాదు.

చి.ల.సౌ. చెల్లెలికి,

అన్నయ్య ఆశీర్వదించి రాయునది. షుగరు, బీపీ, థైరాయిడ్ చాలవన్నట్టు ఈసారి రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా కొంచెం ఎక్కువ వచ్చిందనీ, నలుగురు డాక్టర్ల చుట్టూ తిరగడంతోనే నెల గడిచిపోతోందనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. వైద్యుడిని కాకపోయినా, ఈ జబ్బులతో పద్దెనిమిదేళ్లుగా కాపురం చేస్తున్నవాడిని కనుక నాకు అనుభవంలోకి వచ్చినవి చెబుతాను.

గుండె డాక్టరుకు గుండె, షుగరు డాక్టరుకు షుగరు కనిపిస్తాయి గాని, నలుగురూ రాసిన మందులు కలిసేది నీ కడుపులోనే. ఈ సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. ఒకరు రాసిన టెల్మిసార్టాన్ అనే బీపీ మందునే మరొకరు వేరే కంపెనీ పేరుతో రాయగా, మాత్రల రంగు వేరు, స్ట్రిప్పు వేరు కావడంతో రెండు మందులనుకుని పదకొండు రోజులు రెండూ మింగాను. పన్నెండో నాడు తెల్లవారుజామున మంచం దిగబోతే కళ్లు తిరిగి, గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆ డాక్టర్లను అనడానికీ నోరు రాలేదు. ఒకరి చీటీ మరొకరికి చూపించనిది నేనే కదా.

ఆనాటి నుంచి ఒకే కాగితం రాసి పెట్టుకున్నాను. స్ట్రిప్పు మీద కంపెనీ పేరుతో పాటు ఉండే మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళ, ఎందుకోసం, ఎవరు రాశారు అన్నవి అందులో ఉంటాయి. చీటీ లేకుండా వేసుకునేవి కూడా రాయాలి. దాచిపెట్టేవి సాధారణంగా అవే. మోకాళ్ల నొప్పులకని నువ్వు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది, బీపీ మాత్రలతో కలిస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని సంగతి ఈ వారమే కిడ్నీ డాక్టరుకు చెప్పు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. తెల్లారగానే కాఫీ గ్లాసు చేతికి రాకపోతే నీకు లోకం కనిపించదని నాకు తెలుసు, అయినా ఆగాలి. కాల్షియం మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఉప్పు తగ్గించమన్నారని సోడియం తక్కువగా ఉండే ఉప్పు కొనబోకు. అలాంటి ఉప్పుల్లో చాలావాటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, కిడ్నీ బాగాలేనివారికి, అందులోనూ టెల్మిసార్టాన్ వాడేవారికి అది రక్తంలో పేరుకుంటుంది. దాని బదులు ఆవకాయ జాడీని కాస్త దూరం జరుపు.

బీపీ చూసుకునే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చో. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దాదాపు మూడు నెలల షుగరు సగటును చెబుతుంది కనుక పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసే మన ఇంటి తెలివి అక్కడ పనిచేయదు. చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూసుకో. అలా రెండుసార్లు జరిగితే మందు మోతాదు ఎక్కువైందేమోనని డాక్టరును అడగాలి.

అంకెలు చెప్పడంతో పాటు, నీకు రోజులో ఏది ముఖ్యమో కూడా డాక్టరుకు చెప్పు. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర రెండోది నాకు మధ్యాహ్నం పూట రాశారు. త్యాగరాయ గానసభలో కచేరీ ఉన్న రోజున మాటిమాటికీ లేవలేక దాన్ని మానేసి, వేసుకున్నానని అబద్ధం చెప్పేవాడిని. కాళ్లవాపు తగ్గడం లేదని డాక్టరు మోతాదు పెంచబోతే సిగ్గు విడిచి అసలు మాట చెప్పాను. ఆయన నవ్వి, రెండూ పొద్దుటి పూటకే మార్చారు. అంత చిన్న మార్పు కోసం నేను అయిదు నెలలు అబద్ధాలాడాను.

వచ్చే ఆదివారం కూకట్‌పల్లి వస్తాను. ఫ్రిజ్ మీదివి, దిండు కిందవి, పూజగది అరలోవి, సగం వాడి వదిలేసినవి, అన్ని మందులూ ఒక పళ్లెంలో పోసి ఉంచు. కాగితం, పెన్ను నేను తెస్తాను.

ఇట్లు,
మీ అన్నయ్య