ఎక్స్‌టెండెడ్ వారంటీ దండగా?

అనంతపురంలో కొత్త కారు బుక్ చేశాను, షోరూం వాళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ (డబ్బు కట్టి కంపెనీ వారంటీని ఇంకొన్నేళ్లు పొడిగించుకోవడం) అంటగడుతున్నారు, అవసరమా అన్నారు కదా. బండి ఎన్నేళ్లు ఉంచుకుంటారో ముందు తేల్చుకోండి. కంపెనీ వారంటీ మూడేళ్లుండి, మూడేళ్లకే అమ్మేసేట్టయితే దండగే. ఏడెనిమిదేళ్లు వాడతారు, పైగా ఆటోమేటిక్ గేర్లు, టర్బో ఇంజిన్ ఉన్న బండి అంటే తీసుకోండి, అవి పోతే బిల్లు మామూలుగా ఉండదు. క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లలాంటి అరిగిపోయేవి ఇందులో రావు. మన ఎండకు వైపర్ రబ్బరు పెళుసుబారినా ఖర్చు మనదే. నాకు ఈ వారంటీ ఉండగానే నాలుగో ఏట ఏసీ కంప్రెసర్ పోయింది, ఒక్క సర్వీసు బయట మెకానిక్ దగ్గర చేయించానని క్లెయిమ్ ఇవ్వలేదు. అన్నట్టు, ఈ రోజే కొనాలని లేదు, సాధారణంగా అసలు వారంటీ అయిపోయేలోపు తీసుకోవచ్చు, కాకపోతే ఆలస్యమైతే రేటు పెరగొచ్చు.