పొదుపు ఎన్ని నెలలు వస్తుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. ప్రైవేటు పాఠశాలలో ఉద్యోగం మానేసి డీఎస్సీకి చదువుకోవాలనుకుంటున్నాను. అప్పుడు మా వారి జీతం ఇంటి ఖర్చుకు నెలకు 15,000 రూపాయలు తక్కువ పడుతుంది. బ్యాంకులో 3,60,000 ఉన్నాయి. అందులో 1,50,000 ముట్టకూడదన్నది మా నియమం. జూన్‌లో అబ్బాయి కాలేజీకి 45,000 కట్టాలి. వాడే లెక్క వేసి ‘న ≥ 14’ అన్నాడు. అంటే పద్నాలుగు నెలలు దాటినా పరవాలేదా?

జవాబు: పరవాలేదనుకోకండి. మీ అబ్బాయి నెలల సంఖ్యను ‘న’ అనుకుని 3,60,000 − 15,000న ≥ 1,50,000 అని మొదలుపెట్టి ఉంటాడు. రెండు వైపుల నుంచీ 3,60,000 తీసివేస్తే −15,000న ≥ −2,10,000 వస్తుంది. ఇక్కడ రుణ సంఖ్యతో భాగిస్తున్నాం కనుక గుర్తు తిరగబడి న ≤ 14 కావాలి. 2 కన్నా 5 పెద్దదైనా −2 కన్నా −5 చిన్నది కావడమే దీనికి కారణం. సమీకరణాల అలవాటు కొద్దీ చాలామంది ఈ మెట్టు దగ్గరే జారుతారు. అనుమానం ఉంటే ‘న’ బదులు 20 వేసి చూడండి: 3,00,000 ఖర్చయి చేతిలో 60,000 మిగులుతుంది, మీ నియమం ఎప్పుడో తప్పిపోయి ఉంటుంది.

గుర్తు కన్నా పెద్ద పొరపాటు ఫీజును లెక్కలోకి తీసుకోకపోవడం. దాన్ని ముందే తీసేస్తే 3,15,000 − 15,000న ≥ 1,50,000, అంటే న ≤ 11.

పద్నాలుగు నెలలూ కావాలనుకుంటే నెలకు వాడే మొత్తాన్నే తగ్గించాలి. ఫీజు పోగా వాడుకోగలిగిన 1,65,000ను (3,15,000 − 1,50,000) 14తో భాగిస్తే 11,785 రూపాయల 71 పైసలు వస్తుంది. దీన్ని మామూలుగా సవరించినట్టు 11,786 చేస్తే పద్నాలుగో నెలకు నాలుగు రూపాయలు హద్దు దాటుతుంది కాబట్టి, గరిష్ఠ పరిమితి ఉన్నచోట ఎప్పుడూ కిందికే సవరించాలి. నేనైతే 11,700 పెట్టుకోమంటాను, అప్పుడు 1,51,200 మిగులుతుంది. అయితే నెలకు 3,300 ఎక్కడ తగ్గించగలరో మీ ఇంటి పద్దు చూసి మీరే తేల్చుకోవాలి.

ఆ 1,50,000ను రోజూ ఫోన్‌తో చెల్లింపులు చేసే ఖాతాలో ఉంచకుండా వేరే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. గడువుకు ముందు తీస్తే వడ్డీ కొంత తగ్గుతుందే గాని అవసరానికి డబ్బు అందుతుంది. కాలేజీ ఫీజును వాయిదాల్లో కట్టనిస్తారేమో కూడా అడగండి, కానీ ఆ పదకొండు నెలల్లోపే మొత్తం కట్టాలంటే మాత్రం 11 అన్న హద్దు మారదు.